మా రోజుల్లో సర్కారు ఒక్కటే

ఈ కాలం పిల్లకాయలు ఏది అడిగినా ఫోను చూసి చెప్తారు గదా, నేనొకటి అడుగుతా, చూసి చెప్పండి. మా గూడూరుకి పడమర సైదాపురం పక్క దొరికే మైకా పెద్ద ఖనిజమా, చిన్న ఖనిజమా? నవ్వబాకండి. పెద్దదైతే ఢిల్లీ రూలు, చిన్నదైతే రాష్ట్రం రూలు. రాయి అదే, తవ్వే గుంటా అదే. 2015 దాకా అది పెద్ద ఖనిజం. ఆ ఏడు ఫిబ్రవరిలో ముప్పై ఒక్క రకాల్లో ఒకటిగా దాన్నీ చిన్న ఖనిజం చేశారు. పదేళ్ళు తిరిగి 2025 ఫిబ్రవరి వచ్చేసరికి మళ్ళీ పెద్దదైంది. మనుషులు వయసొస్తే పెద్దవాళ్ళవుతారని తెలుసు గానీ, రాళ్ళు గెజెట్టులో పడితే పెద్దవవుతాయని ఈ ముసలితనంలో తెలిసింది నాకు.

మా రోజుల్లో ఈ గోల లేదు. సర్కారంటే కరణం. ఆయన ఇంటి అరుగు మీద గుడ్డ చుట్టిన దస్త్రాలు, పక్కన సిరాబుడ్డి, ముక్కు చివర కళ్ళజోడు. శిస్తు కట్టాలన్నా, అడంగల్‌లో పేరు చూసుకోవాలన్నా ఆ అరుగు ఎక్కితే చాలు. ఇది కేంద్రం పనా రాష్ట్రం పనా అని ఎవడూ అడిగేవాడు కాదు. ఆయన తలూపితే అయినట్టు, ఊపకపోతే కానట్టు. ఎంత సుఖం! ఆ కరణమే మా చిన్నాయన మాగాణిలో కొన్ని సెంట్లు పక్కవాడి పేరున ఎక్కించి, చిన్నాయన చచ్చేదాకా కోర్టు చుట్టూ తిప్పాడనుకోండి. అది వేరే సంగతి. 1984 జనవరిలో ఎన్టీఆర్ వచ్చి కరణాల్నీ మునసబుల్నీ ఒక్క దెబ్బతో ఇళ్ళకి పంపించేశాడు. అప్పట్నించీ ఏ గడప తొక్కాలో తెలీక తిరగతా ఉండా నేను.

మా మనవడొకడు తిరుపతిలో లా చదువుతా ఉండాడు. సెలవలకొస్తే నా పక్కన కూర్చుని నేనేది మాట్లాడినా తప్పు పడతాడు. "తాతా, సర్కారు ఎప్పుడూ ఒకటి కాదు. నువ్వు పుట్టకముందే, 1935లో తెల్లోడు చేసిన చట్టంలోనే మూడు జాబితాలుండాయి" అన్నాడు. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. 1950లో మన రాజ్యాంగం వచ్చినప్పుడు ఏడో షెడ్యూల్లో 97, 66, 47 అంశాలని లెక్క అప్పజెప్పాడు. వాడి చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పమంటే పక్క వీధికి పారిపోయేవాడు. రైళ్ళు, తపాలా, సైన్యం ఢిల్లీవి. పోలీసు, భూమి, సారా రాష్ట్రానివి. ఇంతవరకూ నా బుర్రకెక్కింది. ఆ మూడోది ఉండాది చూడండి, ఉమ్మడి జాబితా, అది అచ్చం ఉమ్మడి కుటుంబంలో వంటిల్లే. కోడలు గరిటె పట్టొచ్చు, అత్తగారూ పట్టొచ్చు. ఇద్దరూ ఒకే కూరలో తలా ఒక మాదిరి ఉప్పేస్తే అత్తగారి మాటే నిలుస్తుంది. కోడలు ముందుగా పోయి ఇంటి పెద్దాయన చేత, అంటే రాష్ట్రపతి చేత, ఊఁ అనిపించుకుంటే ఆ ఇంటి మటుకు కోడలి ఉప్పే ఉప్పు. అత్తగారు తలుచుకుంటే ఆ తర్వాతైనా ఆ కూర పారబోసి కొత్తగా వండొచ్చు. 254వ అధికరణం ఇదేరా అంటే మావాడు కాసేపు ఆలోచించి, పరీక్షలో ఇట్టా రాస్తే మార్కులు పడవు తాతా అన్నాడు.

మైకా దగ్గరికే వస్తాను. మా చిన్నతనంలో గూడూరంటే మైకా. సైదాపురం, కాలిచేడు, తలుపూరు గనుల నించి వచ్చే మైకా గూడూరు షెడ్లలో పరుచుకునేది. ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఒక్కో పలక అంచులు కోసి, పొర పొరగా విడదీసేవాళ్ళు. మా నెల్లూరు మైకా ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. సాయంత్రం షెడ్డు వదిలాక వాళ్ళు నడిచిపోతుంటే కోక కుచ్చిళ్ళు, జుట్టు, చేతులు, కనుబొమలు అన్నీ మెరిసేవి. మేం పిల్లకాయలం రోడ్డు మీద రాలిన ముక్కలు ఏరుకుని కాకిబంగారం అని జేబులో పోసుకునేవాళ్ళం. అమ్మ ఆ జేబులు దులిపి నాలుగు తగిలించేది, ఆ పొడి అన్నంలో పడితే కడుపునొప్పి అని. కరెంటు సామాన్లలో వాడడానికి ఆ పలకలు సీమకీ అమెరికాకీ ఓడలెక్కేవి. అది ఏ సర్కారు రాయి అని మాకెవరికీ అనుమానం రాలేదు. గూడూరు రాయి, అంతే.

"కాలిచేడులో మైకా ఆస్పత్రి ఎవరిది తాతా?" అన్నాడు మావాడు. మైకా ఆస్పత్రి మైకా వాళ్ళది, ఇంకెవరిది? కాదంట. 1946లో గని కూలీల సంక్షేమానికని ఢిల్లీ ఒక చట్టం చేసి, ఎగుమతయ్యే మైకా మీద పన్ను వేసి, ఆ డబ్బుతో నడిపిందంట. గనిలోకి దిగే మనిషి క్షేమం 1952 గనుల చట్టం కింద ఢిల్లీది. ఆ గని ఉన్న నేల రాష్ట్రానిది. లీజు కాగితం రాష్ట్రం ఇవ్వాల, రూలు మాత్రం 1957లో ఢిల్లీ చేసిన గనుల, ఖనిజాల చట్టానిది. చిన్న ఖనిజాలైతే మీరే రూళ్ళు రాసుకోండని ఆ చట్టంలోనే 15వ సెక్షను రాష్ట్రాలకి వదిలిపెట్టింది. అంటే నేను కాకిబంగారం ఏరుకునే రోజుల్లో కూడా నా జేబులో రెండు సర్కార్లు ఉన్నట్టే. తెలియకపోబట్టి హాయిగా ఉన్నాం.

మరి 2025లో మళ్ళీ పెద్దరికం ఎందుకొచ్చింది అంటే, మీ వల్లనే. మైకా, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ దొరికే రాతిలోనే లిథియం, బెరిల్ లాంటివి కూడా ఉండే వీలుందంట. చిన్న ఖనిజంగా ఉంటే తవ్వేవాడు పైది అమ్ముకుని, ఆ విలువైనవాటి లెక్క చెప్పడని ఢిల్లీ అనుమానం. లిథియం దేనికి? మీ ఫోన్ల బ్యాటరీలకి. మేం టార్చిలైటులో రెండు సెల్లులేసుకుని ఏడాది గడిపేవాళ్ళం. మీరు పొద్దస్తమానం బొమ్మలు చూడ్డానికి మా సైదాపురం రాయి ఢిల్లీకి పోవాల్సి వచ్చింది. చిత్రమేందంటే, పెద్దదైనా చిన్నదైనా రాయల్టీ డబ్బు చేరేది రాష్ట్రానికే. పెద్దదైతే రేటు కేంద్రం కడుతుంది, చిన్నదైతే రాష్ట్రమే కట్టుకుంటుంది. అసలు రాయల్టీ పన్నా కాదా అని దశాబ్దాల పాటు తన్నుకున్నారు. 2024 జులై 25న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని, ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఇంకోవైపు, రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు విడిగా పన్ను వేసుకోవచ్చు అని తేల్చారు. తొమ్మిది మంది చదువుకున్నోళ్ళకే ఒక్క మాట కుదరలేదు, నాకేం కుదురుతుంది. ఇంతా చేసి చిల్లకూరు, కోట పక్క సముద్రం ఒడ్డున ఉన్న సిలికా ఇసుక మాత్రం చిన్న ఖనిజంగానే ఉండాది. ఊరికి పడమర ఒక సర్కారు, తూర్పున ఒక సర్కారు, మధ్యలో పంబలేరు వాగు, వాగు పక్కన నేను.

తూర్పుకి వచ్చాం కాబట్టి రొయ్యల సంగతీ చెప్పుకోవాల. మా మేనమామ కొడుక్కి కోట పక్క ఏడుకార్లూ వరి పండే పొలం ఉండేది. సరే, ఏడుకార్లు కాదు, రెండు కార్లు. తొంభైల్లో అందరూ తవ్వారని వాడూ తవ్వాడు రొయ్యల గుంట. టైగర్ రొయ్య. మొదటి పంటకి మోటారు సైకిలు కొన్నాడు, మూడో పంటకి తెల్లమచ్చ వచ్చి అమ్ముకున్నాడు. చేపలూ రొయ్యలూ రాష్ట్రం సొత్తు, రాష్ట్ర జాబితాలో మత్స్య పరిశ్రమ ఉండాది గదా. ఇంక ఢిల్లీకేం పని అనుకున్నాం. ఢిల్లీ 1986లో చేసిన పర్యావరణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో తీరానికి నిబంధనలు పెట్టింది, పోటు గీత నించి ఐదొందల మీటర్ల లోపల అది చెయ్యొద్దు, ఇది చెయ్యొద్దని. సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న జగన్నాథన్ గారి కేసులో, ఆ గీత లోపల కొత్త పద్ధతి రొయ్యల గుంటలన్నీ పూడ్చెయ్యండి, పులికాట్, చిలికా సరస్సులకి కిలోమీటరు లోపల కూడా వద్దని చెప్పింది. మా మేనమామ కొడుకు చంకలు గుద్దుకున్నాడు, గుంట ముందే అమ్మేశానని. కొన్నవాడు ఏడ్చాడు. ఆ తర్వాత 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ అని చెన్నైలో పెట్టి కొత్త చట్టంతో మళ్ళీ తలుపు తీసింది. 2020లో మన రాష్ట్రం తన అథారిటీ తను పెట్టుకుంది. ఇప్పుడు ఉప్పునీటి గుంటవాడు రెండు ఆఫీసుల కాగితాలూ గోడకి తగిలించుకోవాల.

ఇంక సముద్రంలోకి పోదామంటే అక్కడా గీతలే. ఒడ్డు నించి పన్నెండు నాటికల్ మైళ్ళ దాకా చేపల వేట రాష్ట్రం చట్టం, అది దాటితే ఢిల్లీ. వాకాడు పక్క పాళేల వాళ్ళు చిన్న పడవలేసుకుని దగ్గర్లో వల వేస్తే, కడలూరు నించి పెద్ద మర బోట్లొచ్చి ఆ వలలు తెంపుకుపోతాయి. మన రాష్ట్రం 1994లో చట్టం చేసి ఒడ్డుకి దగ్గర నీళ్ళు చిన్న పడవలకే అని రాసింది. రాసింది కాబట్టి బోట్లు ఆగిపోతాయా? పట్టుకుంటే అవి తమిళనాడు బోట్లు, ఇక రెండు రాష్ట్రాల పంచాయితీ. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట బందు అన్న ఒక్క విషయంలో మాత్రం ఢిల్లీ, రెండు రాష్ట్రాలూ ఒకే మాట మీదుండాయి. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం గదా, ఆ మాత్రం ఇంగితం మా తాతలకీ ఉండింది. తాతలకి పెద్ద బోట్లు లేవు, అందువల్ల ఇంగితం ఉన్నట్టు కనబడింది అంటాడు మావాడు. వాణ్ణి లా చదివించకుండా ఉండాల్సింది.

నిమ్మకాయల సంగతి చెప్పకపోతే గూడూరు వాణ్ణే కాను. మా మార్కెట్ నించి ఢిల్లీకి లారీలు పోతాయి, ఎండాకాలం రేటు బంగారమవుతుంది, ఉన్నట్టుండి మేకలు కూడా తినని రేటుకి పడుతుంది. వ్యవసాయం రాష్ట్రం సొత్తు, మార్కెట్లూ రాష్ట్రం సొత్తు. 2020 సెప్టెంబరులో ఢిల్లీ మూడు చట్టాలు చేసింది, యార్డు బయట ఎవరికైనా అమ్ముకో, సెస్సు లేదు అని. మార్కెట్లు మీవి కావు గదా అంటే, ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి జాబితాలో 33వదిగా ఉండాది, దాని మీద చేశాం అన్నారు. పంజాబు వాళ్ళు ట్రాక్టర్లు కట్టుకుని ఢిల్లీ చుట్టూ కూర్చున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, ఆ ఏడు చివరికి పార్లమెంటే రద్దు చేసింది. ఈ రాద్ధాంతమంతా జరిగే లోపల మా దళారి కమీషన్‌లో దమ్మిడీ తేడా లేదు. చట్టాలు ఎన్నొచ్చినా చెక్కుచెదరని వ్యవస్థ ఏదైనా ఉందంటే అది మా దళారి.

పన్నులదీ అంతే. తడ దగ్గర చెక్‌పోస్టులో లారీలు బారులు తీరి ఆగితే, డ్రైవర్లు రోడ్డు పక్కన వంట చేసుకుని, తిని, నిద్రపోయి, లేచి కూడా అక్కడే ఉండేవాళ్ళు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆ సేల్స్ టాక్స్ గేట్లు ఎత్తేశారు. మంచిదే కదా అంటారు మీరు. ఆ బారుల పక్కన టీ అమ్ముకుని ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి చేసినవాణ్ణి నేనెరుగుదును, వాణ్ణి అడగండి మంచిదో కాదో. మొన్న టవర్ క్లాక్ దగ్గర హోటల్లో రెండిడ్లీ, ఒక గారె తింటే బిల్లులో రెండు గీతలు: సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్జీఎస్టీ రెండున్నర శాతం. గారెలో ఢిల్లీ వాటా ఏది, అమరావతి వాటా ఏది అని సర్వరు పిల్లకాయని అడిగాను. చిల్లు మీది సార్ అన్నాడు. ఈ కాలంలో కూడా ఒకడు బాగుపడేట్టున్నాడు.

చదువు గురించి ఎక్కువ చెప్పను, ఒళ్ళు మండుతుంది. 1976 దాకా బడి రాష్ట్రానిది. 42వ సవరణలో బడినీ, అడవినీ, తక్కెడ రాళ్ళనీ కలిపి ఉమ్మడి జాబితాలోకి తోసేశారు. ఆ తోపుడే ఇవాళ మన పిల్ల డాక్టరు చదవాలంటే ఢిల్లీ పెట్టిన నీట్ రాయాల్సి రావడానికి మూలం.

గీతల్లో గీత, జిల్లా గీత. 2022 ఏప్రిల్ 4న పొద్దున లేచేసరికి గూడూరు తిరుపతి జిల్లాలో పడింది. నెల్లూరు నెరజాణతనం నరాల్లో ఉన్న మనిషిని నిద్రలో తిరుపతి వాణ్ణి చేశారు. కోర్టుకెళ్దామా అన్నాను. జిల్లా గీత గీసుకోవడానికి రాష్ట్రానికి ఢిల్లీని అడిగే పని లేదు తాతా, 1974 చట్టం ఒకటుంది, నోటిఫికేషను ఇస్తే చాలు అన్నాడు మావాడు. పోనీ రాష్ట్రం గీతో? అది తిరగబడింది. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని చీల్చాలన్నా కలపాలన్నా పార్లమెంటు పని. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, వినాలని లేదు. 2014 జనవరి 30న మన అసెంబ్లీ బిల్లు వద్దని తీర్మానం చేస్తే, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసి, జూన్ 2న రెండు చేసేసింది. 1953లో మద్రాసు నించి మనల్ని విడగొట్టిందీ పార్లమెంటే గదా అంటాడు మావాడు. అప్పుడు నేను రెండేళ్ళ వాణ్ణి, నాకేం గుర్తు. కానీ ఆ రాష్ట్రం చట్టంతో రాలేదబ్బయ్యా, పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు పస్తుండి 1952 డిసెంబరు 15న ప్రాణం పోగొట్టుకుంటే వచ్చింది. చట్టం ఆయన వెనకాల నడిచొచ్చింది.

ఇంక ఇంట్లోకి వద్దాం, చెప్పక తప్పదు. నాకొక తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ళు. పెద్దదానికి 1983లో పెళ్ళి, చిన్నదానికి 1988లో. మా నాయన కాలంలో ఆడబిడ్డ వాటా అంటే పసుపు కుంకుమ కింద ఏదో ముట్టజెప్పడం. 1956లో ఢిల్లీ చేసిన హిందూ వారసత్వ చట్టం తాతల ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా మగపిల్లకాయలకే ఉంచింది. మన రాష్ట్రం 1986లో దాన్ని సవరించింది, కూతురికీ కొడుకుతో సమానంగా అని. వారసత్వం ఉమ్మడి జాబితాలోది కాబట్టి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని మరీ చేసింది, 1985 సెప్టెంబరు 5 నించి లెక్క. దేశంలో కూతుళ్ళకి పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో వచ్చింది, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడబిడ్డలకి లేదన్నారు. అంటే మా చిన్నదానికి ఉంది, పెద్దదానికి లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి మధ్య ఒక శాసనసభ కూర్చుంది. పెద్దది ఏమీ అనలేదు. సంక్రాంతికి వస్తే మాత్రం చిన్నదాని ముందు విస్తరి వేసుకుని, నువ్వు సర్కారు బిడ్డవమ్మా, నీకు ముందు వడ్డిస్తారులే అనేది.

మా నాయన 2003లో పోయాడు, పంచకుండా పోయాడు. 2005 సెప్టెంబరు 9న ఢిల్లీ మన చట్టాన్ని చూసి దేశానికంతా చేసింది, ఈసారి పెళ్ళి తేదీ గొడవ లేకుండా. మా పెద్దది ఊపిరి పీల్చుకుంది. 2015లో సుప్రీంకోర్టు, ఆ రోజుకి తండ్రి బతికుంటేనే అంది. మా తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు, తండ్రి బతికున్నా లేకున్నా కూతురు పుట్టుకతోనే వాటాదారు అని తేల్చేశారు. ఆ సాయంత్రం పెద్దది ఫోన్ చేసి, అన్నా, భోంచేశావా అని మాత్రం అడిగింది. ఆ గొంతు నాకు తెలుసు. మర్నాడే సర్వేయరుని పిలిపించాను.

నాకు ఒక్కటే కూతురు, ఆ సర్వే అయ్యేదాకా గట్టు మీద గొడుగేసుకుని నిలబడింది, ఎందుకైనా మంచిదని కొలతలన్నీ ఫోన్లో ఎక్కించుకుంటా. మా రోజుల్లో ఆడపిల్లలు పొలం గట్టు కూడా ఎక్కేవాళ్ళు కాదు. ఏం రోజులొచ్చాయో! పంచినందువల్ల నా చేతికి తక్కువ మిగిలింది, చెల్లెళ్ళు పండక్కి రావడం మాత్రం ఆగలేదు. ఒక సర్కారు మొదలుపెట్టి ఇంకో సర్కారు పూర్తి చేసిన పని నా ఎరికలో ఇదొక్కటే. ఇంకేమన్నా ఉంటే మీరే ఫోన్లో వెతుక్కోండి.

మీ ఇంట్లో కూడా పంచుకోని తాతల పొలం ఉంటే, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం కాగితం గానీ కోర్టు డిక్రీ గానీ ఉందేమో బీరువా తీసి చూడండి. లేకపోతే లాయరు దగ్గరికి పోయే ముందు ఆడబిడ్డని ఇంటికి పిలిచి మాట్లాడండి, ఖర్చు కలిసొస్తుంది.